మందు కాదు కదా అని మింగాను

పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే మా ఆవిడ సుగుణ నా మొహంలోకి తేరిపార చూసింది. "జర ఇటు తిరుగుండ్రి. కండ్లు గట్ల పచ్చగున్నయేంది?" బల్బు వెలుగులేవే అన్నాను. నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదని మాత్రం చెప్పలేదు. ఆమె వింటుందా? అప్పుడే ఆటో ఎక్కించి నాంపల్లిలో ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మది చిన్న వయసే. "అంకుల్, మందు అలవాటుందా?" అంది. నాకు ఒళ్లు మండింది. "జిందగీల చుక్క ముట్టలేదమ్మా!" ఆమె నవ్వి, "సరే, మరి మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగింది. అవీ లేవన్నాను. లివర్ ఫంక్షన్ టెస్ట్ చేయిస్తే కామెర్లను చూపే బిలిరుబిన్, లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ బాగా పెరిగి ఉన్నాయి. హెపటైటిస్ పరీక్షలు నెగటివ్. అల్ట్రాసౌండ్‌లో రాళ్లు లేవు. వారం రెస్ట్ తీసుకుని రమ్మంది.

వారానికి ఆ అంకెలు ఇంకా పెరిగాయి. ఒళ్లంతా ఒకటే దురద. ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. "ఇలాగే పెరిగితే లివర్ ఫెయిలవ్వచ్చు. అడ్మిట్ అవ్వండి." చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చచ్చేంత భయమేసింది.

సుగుణ బట్టల సంచి తెచ్చి, నేను పూట తప్పకూడదని అందులోంచి నా మోకాళ్ల నొప్పి డబ్బా కూడా తీసి బల్ల మీద పెట్టింది. అబిడ్స్‌లో కొన్న మూలికల క్యాప్సూళ్లు. రెండు నెలలుగా పూటకొకటి మింగుతున్నాను.

"ఇదేంటి? మందులేవీ లేవన్నారుగా!" అంది డాక్టరమ్మ.

"ఇది మందు కాదమ్మా. దాని మీదనే రాసిన్రు, చూడు."

నిజమే, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్', అంటే మందుగా వాడేది కాదని ఉంది. ముందువైపు మాత్రం అరచేయంత అక్షరాల్లో 'మోకాళ్ల నొప్పి మాయం'! పైగా ఫుడ్ సేఫ్టీ వాళ్ల లైసెన్సు నంబర్. ముప్పై ఏళ్లు గన్‌ఫౌండ్రీ ఏరియాలోని ఆఫీసులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మా ఆఫీసులో కాగితానికి నంబర్ పడిందంటే పై వాళ్లు ఒప్పుకున్నట్టే. డబ్బా విషయంలోనూ అలాగే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

"డ్రగ్ ఇండ్యూస్డ్ లివర్ ఇంజరీ, అంటే మందుల వల్ల లివర్ దెబ్బతినడం అనిపిస్తోంది. మూలికలతో కూడా వస్తుంది. ఇవి ఈ క్షణం నుంచి బంద్," అంది డాక్టరమ్మ. మానేసిన వారానికి బిలిరుబిన్ దిగడం మొదలైంది. నార్మల్‌కు రావడానికి మూడు నెలలు పట్టింది.

ఓపిక రాగానే డబ్బా పట్టుకుని ఫుడ్ సేఫ్టీ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఆఫీసరు నా మాటంతా విని, "పెద్దాయనా, గా నంబరు తినే వస్తువు అమ్ముకోనీకి ఇచ్చింది. నొప్పి మాయమైతదని మేం యాడ చెప్పినం? గట్ల రాసుడే తప్పు," అని ఫిర్యాదు తీసుకున్నాడు. ఆ రాత మీద కంపెనీకి నోటీసు వెళ్లింది. "రిటైరైనా ఫైళ్ల పిచ్చి పోలే," అని సుగుణ ఒకటే నవ్వు.

ఇప్పుడు పప్పు, నెయ్యి లాగిస్తున్నాను. రోజూ కోఠి దాకా నడుస్తున్నాను. మోకాళ్లు నొప్పి పెడుతూనే ఉన్నాయి, తిట్టుకుంటూనే నడుస్తున్నాను.

మీకు చెప్పేది ఒకటే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పొడి గానీ, లేహ్యం గానీ, క్యాప్సూల్ గానీ, మింగేవన్నీ తీసుకెళ్లి ఎదురుగా పెట్టండి. మందో కాదో మీరు తేల్చకండి. నేను తేల్చాను. సుగుణ ఆ డబ్బా తేకపోయి ఉంటే, ఈ మాట మీకు చెప్పడానికి నేను ఉండేవాణ్ణి కాదు.