తాళం వేసిన డీజిల్ ట్యాంకు

బందరు నుంచి గుడివాడ వెళ్లి వస్తేనే మా ఆయనకి రెండు రోజులు నడుం నొప్పి. అలాంటి మనిషి ఒకరోజు భోజనం చేస్తూ, ఇక మీదట దేశమంతా కారులో తిరుగుతానని సెలవిచ్చారు. హోటళ్లలో దిగరట. బండిలోనే వండుకుని, బండిలోనే పడుకుని ఎడారులు, మంచుకొండలు చూస్తారట. వండేదెవరని అడిగాను. ప్రతిదానికీ అడ్డుపుల్ల వేస్తావని విసుక్కున్నారు. జన్మలో కాఫీ కలుపుకోని మనిషాయన.

దివిసీమలో రొయ్యల చెరువులు తవ్వినవాళ్లందరికీ తమకి తెలియని విషయం లేదనిపించిన రోజులవి. సెల్‌ఫోనుకి వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. అయినా మా ఆయన అందులో పావుగంట సేపు "వినపడుతోందా?" అనే అడిగేవారు. హైదరాబాదులో ఒక కాంట్రాక్టరు వాడి వదిలించుకున్న విదేశీ బండి కొన్నారు. పెద్ద జీపులా ఎత్తుగా ఉండేది. లోపల మెత్తటి తోలు సీట్లు, చల్లటి ఏసీ. వెనక సీట్లో కూర్చుంటే నిజంగానే ప్రాణానికి హాయిగా ఉండేది. మొట్టమొదట పీకించింది ఆ సీటునే.

ఈ యజ్ఞానికి సలహాదారు మా ఆయన బావ. గుడివాడలో ఎరువుల కొట్టు ఆయనది. ఎవరో ఇచ్చిన విదేశీ పత్రికలో బొమ్మలు చూసి, ఇంజనీరింగు మొత్తం అర్థమైపోయిందనుకునేవారు. ఇద్దరూ కలిసి ఆ బండిని ట్రాక్టరు ట్రక్కులు చేసే షాపులో పడేశారు. వెనక సీటు పోయి చెక్కబల్ల వచ్చింది. దాని మీద పడుకోవడం కన్నా కూరగాయలు తరగడం సులువు. పైన ఇనుప క్యారియరు బిగించారు. మొదటిసారి బయటికి తీసిన రోజే గుడ్లవల్లేరు దగ్గర చెట్టుకొమ్మ తగిలి అది ఒక పక్కకి వంగింది. అలా వంగితేనే గాలిని బాగా కోస్తుందని బావగారు తేల్చారు. మా ఆయన తల ఊపారు.

బండితో వచ్చిన ట్యాంకు ఎడారికి చాలదని దాన్ని తీసేయించి, అదే షాపులో ఇంకా పెద్దది చేయించారు. మా రొయ్యల చెరువుల దగ్గర ఇంజన్లలో డీజిలు మాయమవడం మామూలే కాబట్టి మా ఆయనకి మనుషులందరూ డీజిలు దొంగలుగానే కనపడేవారు. అందుకని ట్యాంకు మూత కింద లారీ ట్యూబు ముక్క కత్తిరించి వేయించి, పైన తాళం పెట్టించారు. ఆ తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నారు.

"చుక్క కూడా బయటికి రాకూడదు బావా."

"చుక్కేంటి బావా, గాలి కూడా దూరదు."

ఆ మాటకి ఇద్దరూ మురిసిపోయారు.

బండి నడపాల్సింది మా డ్రైవరు. మా మామగారి కాలం నుంచీ మా ఇంట్లోనే ఉన్నాడు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. నాకు నొప్పులొచ్చిన రోజు, తుఫాను వానలో, రోడ్డు మీద పారుతున్న నీళ్లలోంచి నన్ను ఆస్పత్రికి చేర్చినవాడు ఆయనే. మా ఆయన ఆ రోజు రోడ్డు సంగతి కనుక్కుని వస్తానని వెళ్లి, బిడ్డ పుట్టాక వచ్చారు. బాబాయికి కారు నడపడం తప్ప వేరే పని తెలియదు. నమ్మకస్తుడన్న పేరు తప్ప వేరే ఆస్తీ లేదు.

బండికి పూజ చేయించడానికి మోపిదేవి బయల్దేరాం. చల్లపల్లి ఇంకా రాలేదు, ఇంజను గుటకలు మింగి ఆగిపోయింది. బాబాయి దిగి బానెట్ ఎత్తాడు. మా ఆయన మాత్రం తిన్నగా ట్యాంకు దగ్గరికి వెళ్లి, మొలతాడు బయటికి లాగి, తాళం తీసి, మూత ఎత్తి వాసన చూశారు. మూత తీస్తుంటే సుయ్‌మని శబ్దం వచ్చింది. మళ్లీ తాళం వేశారు. బాబాయి స్టార్ట్ చేస్తే బండి బుద్ధిగా కదిలింది. ఇంకాస్త దూరం వెళ్లాక మళ్లీ అంతే. మళ్లీ వాసన, మళ్లీ సుయ్, మళ్లీ ప్రయాణం.

గుడివాడలో మెకానిక్కులు డీజిలు ఫిల్టరు మార్చారు. పంపు విప్పారు. నాజిల్స్ కడిగారు. ఏం చేసినా బండి ఆగడం ఆగలేదు. చివరికి బావగారే జబ్బు కనిపెట్టారు.

"మీ డ్రైవరు డీజిలు తీసేసి కిరసనాయిలు కలుపుతున్నాడు బావా. ఆ సుయ్ అంతా దాని గ్యాసే."

"నిజమే బావా. నేను మూత తీసి చూసినప్పుడే బండి నడుస్తోంది. వెధవ, నేను చూస్తుంటే భయపడుతున్నాడు."

"తాళంచెవి మీ మొలకే ఉంది కదండీ. ఎలా కలుపుతాడు?" అని అడిగాను.

"దొంగలకి దారులుంటాయి. నీకు తెలీదు, నువ్వు లోపలికెళ్లు."

మర్నాడు బందరు కోనేరు సెంటర్లో కార్ల స్టాండు దగ్గర, పదిమంది డ్రైవర్ల ముందు, బాబాయిని డీజిలు దొంగ అని తిట్టి పనిలోంచి తీసేశారు. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి రెండుసార్లు పెరుగు వేయించుకున్నారు. ఆ తర్వాత స్టాండులో ఎవరూ బాబాయికి కిరాయి ఇవ్వలేదు. పొద్దున్నే వెళ్లి సోడాల బండి పక్కన నిలబడి, సాయంత్రం ఖాళీ చేతులతో ఇంటికెళ్తున్నాడని తెలిసింది. నాకు మా ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకి అవనిగడ్డలో పెళ్లి. దొంగ లేడు కాబట్టి ఇక బండికి ఢోకా లేదని మా ఆయనే నడిపారు. బావగారు ముందు సీట్లో, నేను వెనక చెక్కబల్ల మీద. చల్లపల్లి దాటగానే ఆగిపోయింది. అనుమానించడానికి మనిషి లేడు కాబట్టి ఈసారి ట్యాంకు వాసన చూసేవాళ్లు లేరు. బావా బావా బానెట్ కిందికి తలలు దూర్చి, ఒకరు వైర్లు లాగితే ఇంకొకరు ఊదారు. బండి కదల్లేదు. పట్టుచీరలో ఎండలో నిలబడ్డాను. మోపిదేవి బస్సులు మమ్మల్ని చూస్తూ వెళ్లిపోయాయి.

ఇదివరకు చేసిందీ ఈరోజు చేయనిదీ ఏమిటా అని ఆలోచించాను. వెంటనే మా వంటింట్లో నూనె డబ్బా గుర్తొచ్చింది. డబ్బాకి ఒక చిల్లే పెడితే నూనె రాదు. గాలి వెళ్లడానికి రెండోది పెట్టాలి.

"ఆ ట్యాంకు మూత తీయండి."

"ఎందుకు?"

"వాసన చూడ్డానికి."

సణుగుతూ తీశారు. సుయ్‌మంది. స్టార్ట్ చేయమన్నాను. స్టార్టయింది. డబ్బా సంగతి చెప్పాను. ఇంజనుకీ వంటింటికీ పోలికేంటని బావగారు నవ్వారు గానీ, మూత వదులుగా పెట్టాక బండి అవనిగడ్డ దాకా ఆగలేదు. అక్కడ వెల్డింగు షాపులో మూతకి చిన్న చిల్లు వేయించారు. పెళ్లిలో ఆ చిల్లు తన ఆలోచనేనని మా ఆయన నలుగురికి చెప్పారు.

ఇంటికొచ్చాక, స్టాండుకి వెళ్లి నిజం చెప్పమన్నాను.

"డ్రైవర్లకి సంజాయిషీలు ఇచ్చుకుంటూ కూర్చుంటే రేపు మనకెవడూ భయపడడు. ఇందులో కాకపోతే ఇంకెందులోనో తీసే ఉంటాడులే."

నేనే బాబాయి ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. అంతా విని తల దించుకున్నాడు.

"మీరు నన్నేమీ అనలేదు కదమ్మా. నాకు చెప్తే ఏం లాభం? అక్కడ విన్నోళ్లు వినాలి."

మర్నాడు పొద్దున కోనేరు సెంటర్లో రిక్షా దిగాను. డ్రైవర్లు బీడీలు పారేసి లేచి నిలబడ్డారు. బాబాయి దూరంగా సోడాల బండి దగ్గర ఉన్నాడు.

"మా ఆయన ఇక్కడే బాబాయిని దొంగన్నారంట. డీజిలు ఎవరూ తీయలేదండీ. ట్యాంకులోకి గాలి వెళ్లకుండా మూత చేయించింది మా ఆయనే. అందుకే బండి ఆగింది. ఆ మాట చెప్పే మొహం ఆయనకి లేదు. అందుకని నేనొచ్చాను."

ఒకరిద్దరు ఫక్కున నవ్వారు. వాళ్లు నవ్వింది నా మొగుడి గురించే. నాకు ఏమీ అనిపించలేదు. స్టాండులో పెద్దాయన బాబాయి వైపు తిరిగాడు.

"రేపు తిరుపతి కిరాయి ఉంది. వెళ్తావా?"

బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకుని, "వెళ్తాను" అన్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చి రిక్షా పిలిచాడు. నేను ఎక్కి కూర్చునేదాకా ఆగాడు.

"మీ గుమ్మం మాత్రం ఇంక తొక్కనమ్మా."

"తొక్కొద్దు బాబాయ్" అన్నాను.