గూటి రేడియోలో గరగర

ఇంతవరకు ఎవరితోనూ అనని మాట ఒకటుంది. మా జేజి రేడియోలో వచ్చే గరగర అంటే నాకు ఇష్టం. మొన్న ఆళ్లగడ్డలో మా ఆఫీసుకు కొత్తగా కంప్యూటరు వచ్చింది. దాన్ని ఆన్ చేయగానే పక్క టీ అంగట్లో రేడియో బరబరమంది. "ఏందమ్మా, మీ మిషను మా పాటలు మింగుతాంది!" అని అంగడాయన కిటికీలోంచి అరిచాడు. అందరూ నవ్వారు. నేను మాత్రం చేతిలో కాగితాలతో అక్కడే నిలబడి, నంద్యాలలో మా మేనత్త ఇంటి పడసాలలోకి వెళ్లిపోయాను.

డిగ్రీ చదవడానికి నన్ను ఆ ఇంట్లో ఉంచారు. జేజి, అంటే మా నాయన తల్లి, చూపు తగ్గాక కూతురి దగ్గరే ఉండేది. ఆమెకు మిగిలిన లోకమంతా బ్యాటరీ సెల్లులతో పాడే ఒక రేడియో. ఆమెతో పాటు ఆ ఇంటికి వచ్చిన తాత, బతికున్నప్పుడు దాన్ని తన చేత్తో పడసాల గోడలోని గూట్లో పెట్టాడు. ఇక అది దేవుడి పటమైపోయింది. దసరాకు మామ అంగట్లో తక్కెడకు బొట్టు పెట్టినట్టే దానికీ పెట్టి, ఒక చామంతి గుచ్చేవాళ్లు. దుమ్ము దులపాలన్నా గుడ్డను గూట్లోకి దూర్చి తుడవాలే తప్ప రేడియోను బయటికి తీయకూడదు. దాని కింద, చల్లటి బేతంచెర్ల బండల మీద, జేజి పక్కన కూర్చుని నేను కథల పుస్తకాలు చదువుకునేదాన్ని.

ఆ గోడకు అవతల బావ గది. బావ అంటే మేనత్త కొడుకు. "కాఫీ తాగుతావా?" అని అతనడిగినా తల ఊపి పుస్తకంలోకి దూరేదాన్ని. హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగ పరీక్షకు కంప్యూటరు నేర్చుకోవాలని, కువైట్ నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర ఒక చిన్న మిషను అడిగి తెచ్చుకుని టీవీకి తగిలించుకున్నాడు. ఆ రోజే రేడియోలో గరగర మొదలైంది. మామ సెల్లులు మార్చాడు. "కడప స్టేషనోళ్లకు జలుబు చేసిందేమో" అంది అత్త. కరెంటు పోతే మాత్రం పాట కడిగినట్టు వచ్చేది. వీధంతా కరెంటోళ్లను తిట్టుకుంటుంటే, జేజి ఒక్కతే "ఇంగా కాసేపు రాకుంటే బాగుండు సామీ" అని దండం పెట్టుకునేది.

నాకు మాత్రం ఆ గరగర మాటల్లా వినిపించేది. బావ ఏదో టైపు చేసి మిషనుకు పని పెడితే కీచుమనేది. ఆగి ఆలోచిస్తుంటే సన్నగా, ఒకే తీరుగా మూలిగేది. గోడ అవతల మనిషి ఏం చేస్తున్నాడో పుస్తకంలోంచి తలెత్తకుండానే తెలిసిపోయేది.

ఒక సాయంత్రం బావ మిషను ఆపి బయటికి రావడం, గరగర టక్కున ఆగిపోవడం ఒక్కసారే జరిగాయి. మామకు అర్థమైపోయింది. "పెద్దామె, మా అత్త, ఈ ఇంట్లో నోరు తెరిచి అడిగింది ఆ రేడియో ఒకటేరా. ఆదివారం లోపల నీ డబ్బా యాడిదాడ ఇచ్చేసి రా పో" అన్నాడు. "పరీక్ష ఉంది నాయనా" అన్నాడు బావ. మామ వినలేదు. బావ ఆ రాత్రి అన్నం సగంలోనే లేచిపోయాడు.

అచ్చయింది ఏదైనా చదవడం నాకు అలవాటు. మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం అరుగు మీద పడి ఉంటే తిరగేశాను. ఇలాంటి మిషన్లు చుట్టుపక్కల రేడియోలను హద్దు దాటి చెడగొట్టకూడదని మిషను తయారైన దేశంలో ప్రభుత్వం నియమం పెట్టిందట. అయినా చెడగొడితే రేడియోను పక్కకు తిప్పి చూడండి, మిషనుకు దూరంగా జరపండి అని రాసి ఉంది. మన దగ్గర ఒకప్పుడు పాట వినేవాళ్లకు రేడియో లైసెన్సు ఉండేది కానీ, పాట చెడగొట్టేవాళ్లను అడిగే నియమం ఉందని నేనెప్పుడూ వినలేదు. ఎక్కడో ఒక ప్రభుత్వం పక్కగదిలోని ముసలామెను కూడా లెక్కలోకి తీసుకుందని నాకు కళ్లు చెమర్చాయి. కానీ జరపాల్సింది తాత పెట్టిన రేడియోను. మామకు చెప్పే ధైర్యం లేదు. మరుసటి రోజు జేజికి తల దువ్వుతూ చెవిలో చెప్పాను.

జేజి నా చేతిలో దువ్వెనను పట్టి ఆపింది.

"పిల్లోనికి ఉద్యోగం వస్తాదా?"

"చదువుకుంటే వస్తుంది జేజీ."

"మీ తాత పాటలు విందామనే పెట్నాడు గానీ, గరగర విందామని పెట్నాడా? పట్టుకో నా చెయ్యి."

గూట్లోంచి ఎండిన చామంతిని ఆమే తీసింది. రేడియోను చంటిబిడ్డలా ఎత్తుకుని, నా భుజం పట్టుకుని వంటింటి దాకా నడిచింది. అక్కడ గూట్లో పెట్టి కాస్త పక్కకు తిప్పితే పాట తేటగా వచ్చింది. అత్త గరిటె పట్టుకుని నవ్వేసింది. మామ వచ్చి విని, తల గోక్కుని, మళ్లీ డబ్బా మాట ఎత్తలేదు. ఆ రోజు నుంచి నాకు మాత్రం గోడ అవతల ఏం జరుగుతోందో తెలియకుండా పోయింది. ఖాళీ గూటి కింద కూర్చోవడం బాగుండక నేను మేడ మీద చదువుకునేదాన్ని.

బావకు ఉద్యోగం వచ్చింది. మిషను కువైట్ స్నేహితుడింటికి వెళ్లిపోయింది. పోయినేడు జేజి మంచం పట్టిందని తెలిసి నంద్యాల వెళ్లాను. రేడియోను ఆమె తలగడ పక్కన పెట్టాను. పాట ఒక్క మచ్చ లేకుండా వచ్చింది. కాలం గరగరనంతా తుడిచేసి పాటను మాత్రమే మిగులుస్తుందేమో, మనకు కావలసింది ఏదో అడగకుండానే. ఆళ్లగడ్డ బస్సుకు టైమైందని లేస్తుంటే జేజి నా కొంగు పట్టుకుంది. ఆమె నాతో అన్న చివరి మాట ఇది.

"గరగర వచ్చేటప్పుడే నువ్వు నా పక్కన ఎక్కువ కూసుంటాంటివి గదే, పాపా."