పింఛను బోర్డులో ఎర్లీన్

ఎర్లీన్ వోయ్‌చిక్ చిన్నతనంలో వాళ్లింట్లోకి ఐదేళ్లపాటు ద్రాక్షపండు రాలేదు. కాలిఫోర్నియా తోటల్లో కూలీలు సమ్మె చేస్తున్న రోజులవి. వాళ్లమ్మ మా ఊరి కిరాణాకొట్టు ముందు అట్టముక్క పట్టుకుని నిలబడి, వచ్చేవాళ్లందరినీ ద్రాక్ష కొనొద్దని అడిగేది. కొందరు నవ్వారు. ఒకాయన ఉమ్మేశాడు. ఆమె చేతిరుమాలుతో కోటు తుడుచుకుని మళ్లీ అక్కడే నిలబడిందని ఎర్లీన్ చెప్పేది.

మా ఊరి హైస్కూలు వంటశాలలో ఎర్లీన్ ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసింది. ఆమె పక్క పొయ్యి నాది. ఇద్దరం ఉద్యోగం నుంచి దిగిపోయాక రాష్ట్రం ఇచ్చే పింఛనుతోనే బతుకుతున్నాం.

ఒక వసంతంలో పింఛను బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. కోర్విన్ అనే పాల కంపెనీ, పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంకు ప్రాంతంలో ఇజ్రాయెల్ వాళ్లు కట్టుకున్న కాలనీల్లో తన సరుకు అమ్మనని ప్రకటించింది. అలా బహిష్కరించే కంపెనీల్లో పింఛను సొమ్ము పెట్టకూడదని మా రాష్ట్రంలో చట్టం ఉంది. అందుకని కోర్విన్‌ను నిషేధ జాబితాలో చేర్చి, దాని వాటాలన్నీ అమ్మేస్తారట. అభ్యంతరం ఉన్నవాళ్లు వచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు.

"మూడు నిమిషాలు చాలు" అంది ఎర్లీన్.

కంటి ఆపరేషన్ అయి ఆమె కారు నడపలేని స్థితిలో ఉంది. నవోమీ ఫ్రిష్ నడిపింది. నవోమీ మా బడి లైబ్రేరియన్. ఆమె అక్క ఉండేది సరిగ్గా అలాంటి కాలనీలోనే. బోర్డు ఉండే రాజధాని చేరేదాకా కారులో ఇద్దరికీ వాదనే, వెనక సీట్లో నేను.

"మా అక్క పెరుగు కొనుక్కోవడం కూడా తప్పేనా?" అంది నవోమీ.

"మీ అక్కని నేనేమన్నానే? ఆ కంపెనీ ఎక్కడ అమ్ముకుంటుందో దాని ఇష్టం. నా పింఛను పట్టుకుని దాన్ని కొట్టొద్దంటున్నా."

"చట్టం ఉందిగా!"

"ఉంది. మా అమ్మని ఆ కొట్టు ముందు నుంచి పొమ్మన్నవాడి దగ్గరా చట్టమంటూ ఓ కాగితం ఉండేది."

"నువ్వు మొండిదానివి."

"నువ్వు తక్కువా? ముందు రోడ్డు చూసి నడుపు."

బోర్డులో ఏడుగురు. అధ్యక్షుడు డెన్హామ్ మర్యాదస్తుడే గానీ, గడియారం మీదే ఆయన కన్ను. ఎర్లీన్ ద్రాక్ష సంగతి మొదలుపెట్టగానే "విషయానికి రండమ్మా" అన్నాడు.

"ఇదే విషయం. కొననని చెప్పే హక్కు మా అమ్మకుంది. అమ్మనని చెప్పే హక్కు కోర్విన్‌కుంది. అది తప్పని మీరనుకుంటే మీ నోటితో చెప్పండి, నా జీతంలోంచి దాచిన సొమ్ముతో కాదు."

గంట మోగింది. "సరేనన్నవాళ్లు?" అని డెన్హామ్ అడగ్గానే ఒక గొణుగుడు వినిపించింది. తీర్మానం నెగ్గిందన్నాడు.

ఎర్లీన్ కూర్చోలేదు. "ఎవరెవరు సరేనన్నారు? పేర్లు చెప్పండి."

"పేర్లు చదివే ఆనవాయితీ లేదమ్మా."

ఓడినందుకు కాదు, ఆ మాటకు ఆమె మొహం జేవురించింది. బయటికొచ్చాక మెట్ల మీదే ఆగి, "వచ్చే ఏడు ఈ బోర్డులో విశ్రాంత ఉద్యోగుల సీటుకు ఎన్నిక ఉంది. నిలబడుతున్నా" అంది.

నేను నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు. ఆమెకు పోటీగా దిగింది మాజీ జిల్లా విద్యాధికారి. ఆయన ఫొటో పత్రికల్లో పడింది. ఎర్లీన్ మాత్రం చర్చి నేలమాళిగలో శుక్రవారాల్లో ఊరంతా చేరే చేపల విందులకు వెళ్లి, పళ్లెం పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా కూర్చుంది. పాత బస్సు డ్రైవర్లు, స్వీపర్లు, నర్సులు ఆమెను వంటమనిషిగా ఎరుగుదురు. నామినేషన్ మీద నవోమీ సంతకం చేసింది. "జాబితా విషయంలో నీది తప్పే" అని చెప్పి మరీ చేసింది. ఎర్లీన్ గెలిచింది.

మొదటి సమావేశంలోనే పేర్లు పిలిచి ఓటు తీసుకోవాలని పట్టుబట్టింది. నిబంధనల్లో ఒక సభ్యుడు అడిగినా చాలని ఉందట, అడిగినవాళ్లే లేరు. నిషేధ జాబితాకు ఆరుగురు సరేనన్నారు. ఎర్లీన్ కాదంది.

"ఫలితం మారదు మేడమ్" అన్నాడు డెన్హామ్.

"తెలుసు. నా పేరు ఎదురుగా 'కాదు' అని రాయించండి."

జాబితా ప్రతి మూడు నెలలకూ ఆమోదానికి వచ్చేది. ప్రతిసారీ ఇదే వరస. రెండో ఏడు విసిగిపోయి, పేర్లు పిలిచే నిబంధననే ఎత్తేయాలని ప్రతిపాదన తెచ్చారు. ఆ రోజు మాట్లాడతానని ముందుగా పేరిచ్చింది నవోమీ.

"నేను ఈ జాబితా పక్షం" అంది మైకులో. "మా అక్క అక్కడే ఉంటుంది. ఎర్లీన్ ఓటంటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ నా తరఫున ఎవరు ఏమన్నారో నాకు తెలియాలి. సరేనన్న ఆరుగురూ పేరు చెప్పుకోవడానికి ఎందుకు జంకుతున్నారు?"

ప్రతిపాదనకు అనుకూలంగా మూడు, వ్యతిరేకంగా నాలుగు ఓట్లు పడి అది వీగిపోయింది. ఎదురు ఓటేసినవాళ్లలో డెన్హామ్ ఒకడు. కళ్లజోడు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా వేశాడు.

తర్వాతి అంశం జాబితా. గుమాస్తా ఒక్కొక్క పేరే పిలిచాడు. ఆరుగురూ సరేనన్నారు, ఈసారి కాస్త గట్టిగా.

"వోయ్‌చిక్?"

"కాదు" అంది ఎర్లీన్.

కోర్విన్ ఇంకా ఆ జాబితాలోనే ఉంది. ఎర్లీన్ పదవీకాలం మరో రెండేళ్లుంది. మళ్లీ నిలబడతానని ఇప్పటికే అందరికీ చెబుతోంది.