రాయనన్న పేరు

పత్రికలో ఈ ఏడు కన్నుమూసిన ప్రముఖుల పేజీ చూస్తుంటే ఎమ్మిగనూరులో నా నాలుగో తరగతి గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాంటి పేజీ చూసి, అందులోని కళాకారులకు మన ఊరివాళ్లనూ కలిపి జాబితా రాసుకురమ్మన్నారు టీచరు. పేజీలోని గాయకులూ నటులూ అందరూ ఆ ఏడు చనిపోయినవాళ్లే. అందుకని, నాటకాలకు హార్మోనియం వాయించే మా తాత పేరు రాయలేదు.

"మీ తాత పేరు యాడ పాపా?" అన్నారు టీచరు.

"రాయను."

గంటసేపు నిలబెట్టినా రాయలేదు.

సాయంత్రం తాత అడిగాడు. "రాసింటే ఏం పోతాది పిల్లా?"

"నువ్వు పోతావు."

"అట్లయితే రాయొద్దులే. ఆదోనిలో ఇంగా రెండు నాటకాలు ఒప్పుకున్యాను," అన్నాడు.

మొన్న శ్రావణంలో తాత పోయాడు. ఇక భయపడాల్సిందేమీ లేదు. ఆయన పేరు హార్మోనియం ఈరన్న.