గుట్ట అవతల ఏమున్నది

మా మేనత్త నిద్రలోనే పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను తుర్కపల్లి నుంచి కంపెనీ క్యాబ్‌లో ఇంటికొస్తున్నాను. ఒళ్లో కొత్త బూట్ల పెట్టె. ఆమెకే కొన్నాను. వచ్చే నెల ఇద్దరం మళ్లీ హిమాచల్ కొండలెక్కాలి. ఆ పెట్టెను కావిలించుకుని అందరి ముందూ ఏడ్చాను.

మీలో శామీర్‌పేట వాళ్లుంటే ఆమె కుట్టిన జాకెట్టు ఎప్పుడో ఒకప్పుడు తొడుక్కునే ఉంటారు. అరవై దాటాక ఒకనాడు మిషన్ ఆపి, "మంచు జూడాలె బిడ్డా. టీవీల కాదు, చేత్తోని ముట్టుకోవాలె," అంది. అన్నదే తడవు, బరువు మోస్తూ నడవడం అలవాటవ్వాలని బ్యాగులో బియ్యం, కందిపప్పు నింపుకుని సాయంత్రాలు శామీర్‌పేట చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టింది. భుజాలు ఒరుసుకుపోకుండా పట్టీలకు పాత బొంత ముక్కలు కుట్టుకుంది. "యాడికక్కా, ఊరికా?" అని ఎవరైనా అడిగితే, "మంచుకాడికి" అనేది, ఆగకుండానే.

పోయినేడాది నా సెలవులకు ఒక శని, ఆదివారాలు కలుపుకుని హిమాచల్ వెళ్లాం. ఆదివారం ఆరాధన ఎన్నడూ మానని మనిషి, పాస్టరుగారికి చెప్పి మరీ బయల్దేరింది. అబ్బ, ఏం కొండలవి! దేవదారు చెట్లు దాటగానే తెల్లటి శిఖరాలు ఎదురుగా నిలబడ్డాయి. అత్త పిడికెడు మంచు నోట్లో వేసుకుని, "సల్లగున్నదే!" అని పకపకా నవ్వింది, ఆ సంగతి తనే కనిపెట్టినట్టు.

గుడారం ముందు పప్పు వండుతానని కూర్చుంది. అంత ఎత్తులో కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదని మా ఇద్దరికీ తెలియదు. ఎంతకూ బద్ద మెత్తబడలేదు. పోనీ మామిడికాయ తొక్కు పచ్చడన్నా తిందామంటే అందులోని పల్లీనూనె నెయ్యిలా పేరుకుపోయింది. డబ్బా స్వెట్టర్ లోపల పెట్టుకుని, "కోడి లెక్క పొదుగుతున్న, జర ఆగు," అంది.

మర్నాడు గుట్ట అంచు కళ్ల ముందే ఉండగా మబ్బు కమ్మేసింది. గైడు వెనక్కి తిరగమన్నాడు. నాకు ఉక్రోషం ఆగలేదు. అత్త మాత్రం, "గుట్ట యాడికన్న ఉరుకుతదా? మనమే మల్లొద్దాం," అంది.

మా చర్చిలో, దేవుడు తమకు చేసిన మేలును ఎవరైనా లేచి సాక్ష్యంగా చెప్పొచ్చు. తర్వాతి ఆదివారం అత్త మంచు గురించి మొదలుపెడితే పాస్టరుగారి ప్రసంగానికి టైమే మిగల్లేదు. "గుట్ట అవతల ఏమున్నదో జూసొచ్చి మల్ల జెప్త," అని మాటిచ్చి కూర్చుంది. చర్చి ఆడవాళ్లు ఆమె కనిపించినప్పుడల్లా ఆ మాట గుర్తుచేసేవారు.

ఆ మాటను అలా మిగిలిపోనివ్వడం నావల్ల కాలేదు. మేం అనుకున్న రోజులకే, బొంత ముక్కల బ్యాగు తగిలించుకుని వెళ్లాను. ఆకాశం ఎంత శుభ్రంగా ఉందో! చివరి కాస్త దూరం దాదాపు పరుగెత్తాను. అంచెక్కి అవతలికి చూసి, పక్కన జనం ఉన్నారన్న సిగ్గు కూడా లేకుండా, "ఇంకో గుట్ట ఉన్నదత్తా! దీనికంటె పెద్దది!" అని అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది.

చర్చిలో లేచి అదే చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న అత్త స్నేహితురాలు ఊరుకుందా? "మరి దాని అవతల ఏమున్నది?" అంది. అందరూ నవ్వారు.

నిన్న సాయంత్రం క్యాబ్ కిటికీలోంచి చెరువు కట్ట కనిపించింది. అత్త స్నేహితురాలు, మరో ఇద్దరు ఆడవాళ్లు వరసగా నడుస్తున్నారు. వీపుల మీద మనవల స్కూలు బ్యాగులు. బియ్యం బరువుకి ముగ్గురూ ముందుకు వంగి ఉన్నారు.