బస్టాండులో ఎంచిన జట్టు

చిన్నప్పుడు ఏ ఆటలోనూ నన్నెవరూ తమ జట్టులోకి పిలవలేదు. ఆ సంగతే మరిచిపోయిన వయసులో, మామిడికాయల కాలంలో ఒక పొద్దున చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు మీదికి జనం ఎగబడ్డారు. మోచేతుల సందుల్లోంచి ఎలా దూరానో గానీ కిటికీ పక్క సీటు దొరికింది. వెనకే ఎక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన మెడలో విజిల్, ఒళ్లో ఫుట్‌బాళ్లు నింపిన వలసంచీ ఉన్నాయి.

"యాడ ఆడతా ఉండావప్పా?" అన్నాడు.

"ఆటా? కోర్టులో గుమాస్తాని సార్."

ఆయన తిరుపతిలో ఒక కాలేజీ జట్టుకు కోచ్ అట. ఏటా కప్పు వాళ్లదేనట. అంత మంచి పిల్లలు ఎక్కడ దొరుకుతారని అడిగాను.

"ఈడే, బస్టాండ్లోనే సూసి పెట్టుకుంటా. బయట్నించి కిటికీలోకి టవలు ఇసిరి సీటు పట్టేవాడు గోలు కొడతాడు. వాకిట్లో అడ్డం నిలబడుకోని ఎవుర్నీ పోనియ్యనోడు గోల్‌కీపరు. ఇంగ నీ మాదిరి ఎవురికీ తగలకుండా ముందుకు దూరేవాడు శానా అరుదబ్బా. మా కాలేజీలో సదివింటే నిన్ను ఇడిసిపెట్టేవాణ్ణే కాదు."

చంద్రగిరిలో మ్యాచి ఉందని అక్కడే దిగి, కిటికీ కిందినుంచి నాకోసం గట్టిగా విజిల్ ఊదాడు. కండక్టరే ఊదాడనుకుని డ్రైవరు బస్సు కదిలించేశాడు.

ఇప్పటికీ బస్సెక్కగానే, సీటు దొరికినా దొరక్కపోయినా, ఎవరైనా చూశారేమోనని ఒకసారి వెనక్కి తిరుగుతాను.