ఎస్తేరు టీచరమ్మ, జెండా తాడు

ఇక్కడ రాసేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా, ఈ జన్మలో మళ్లీ నా విస్తట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పడకుండా పోవాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు మా సీమలో లేదు. మొన్న ముద్దనూరు దాటి వస్తుంటే రోడ్డు పక్కన ఎవరో మైలురాయికి రంగు వేస్తున్నాడు. పచ్చి పెయింటు వాసన తగలగానే బండి ఆపి దిగి, రాయి మీది ఊరి పేరు గట్టిగా చదివాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఆ వాసనకు నాకు ఎస్తేరు టీచరమ్మ గుర్తొస్తుందని అతనికేం తెలుసు!

అప్పట్లో మా ఊళ్లో రెండు వీధులు, రెండు పార్టీలు. పై వీధివాళ్లు సరుకులు తెచ్చుకునే అంగట్లో కింద వీధివాళ్లు అగ్గిపెట్టె కూడా కొనేవాళ్లు కాదు. జెండా పండగ వస్తే తాడు మేం లాగాలంటే మేం లాగాలని తన్నుకునేవాళ్లు. జెండా మాత్రం పెట్టెలోనే ఉండిపోయేది. మా నాయన ఓబులేసు పై వీధి పెద్దాయన జీపు నడిపేవాడు. అక్షరం ముక్క రాదు. ఐదో తరగతిలో ఉన్న నన్ను బడి మాన్పించి జీపు క్లీనరుగా పెట్టాలని తీర్మానించాడు.

సంగతి తెలిసి టీచరమ్మ మా ఇంటికే వచ్చింది. మనిషి పొట్టి. గొంతు మాత్రం ఆమె ఆదివారం వెళ్లే చర్చి గంటంత.

"పిల్లోన్ని మాన్పిస్తాండావంటనే, ఓబులేసూ?"

"అవునమ్మా. వచ్చిన చదువు చాల్లే."

"ఏం చదువొచ్చిందో ఎప్పుడన్నా పక్కన కూచోని చూసినావా?"

"నాకేం తెలుస్తాది? నేనేమన్నా చదివినోన్నా?"

"అయితే ఇద్దరూ చదవండి" అని చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు బడి ముందు ఆమె చేసిన ప్రకటనకు ఊరు అదిరిపోయింది. ఈసారి తాడు లాగేది పెద్దమనుషులు కాదు. బిడ్డ దగ్గర నేర్చుకుని, బిడ్డ పాఠాన్ని అందరి ముందూ చదివిన తల్లో తండ్రో లాగాలి. కింద వీధి సుబ్బమ్మ అప్పుడే కూతురి పలక పట్టుకుందని వినగానే పెద్దాయనకు ముద్ద దిగలేదు.

"మన వీధిలో బాగా చదివేది నీ కొడుకే గదరా, ఓబులేసూ? పండగ దాకా వాన్ని మాన్పించినావంటే ఊరుకోను. నువ్వు నేర్చుకో."

నాయన పలక ముట్టుకోవడానికి సిగ్గుపడ్డాడు. నేను టీచరమ్మ దగ్గర ఏడుపు మొహం పెట్టాను. "పలక కాడికి రాకపోతే ఆయనుండే కాడికే అక్షరాలను తీసుకుపో. దావలో మైలురాళ్లు లేవా?" అంది.

ఆదివారాలు నేనూ జీపెక్కాను. పచ్చి పెయింటు వాసన కొడుతున్న మొదటి రాయి దగ్గరే నాయన బ్రేకు వేశాడు. పెద్దాయన ఉలిక్కిపడ్డాడు.

"పగోళ్లు యాడ పొంచుకోని ఉండారో తెల్దు. దావ మద్దెలో ఆపుతావేందిరా?"

"రాయి చదవల్ల, అన్నా."

"అయితే బిన్నా చదువు, ఆలస్యం చేయాక!"

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల. నేను వేలు పెట్టి చూపించేవాణ్ని, నాయన కూడబలుక్కునేవాడు. "ఇన్నేండ్ల నుంచి ఈ రాళ్లు నాతో మాట్లాడతానే ఉండాయి. నాకే ఇనపడలే" అన్నాడొకసారి. వెనక సీట్లో వేటకొడవళ్లు ఒళ్లో పెట్టుకున్న మనుషులు కూడా గొంతు కలిపారు. పులివెందుల చేరేసరికి జీపు జీపంతా బడైపోయేది.

పండగ రోజు బడి ముందు ఆ పక్క ఒక వీధి, ఈ పక్క ఒక వీధి. నాయన నా పుస్తకం తెరిచాడు. రెండు వాక్యాలు చదివాడు. మూడో దాంట్లో 'ప్రజలు' అన్నచోట ఆగిపోయాడు. పెద్దాయన మీసం మీది చెయ్యి కదల్లేదు. నాయన కళ్లు మూసుకుని "ప్రొద్దుటూరు... ప్రొద్దుటూరు..." అని గొణిగాడు.

"ఏందన్నా, ప్రొద్దుటూరు బస్సు పోయిందా?" అంది సుబ్బమ్మ.

రెండు వీధులూ కలిసి నవ్వడం నేను మొదటిసారి విన్నాను. ఆ నవ్వులోంచే నాయన "ప్ర... ప్రజలు!" అని అరిచి, బ్రేకులు తెగిన జీపులా పాఠం చివరిదాకా దూసుకుపోయాడు. తరువాత సుబ్బమ్మా తడబడకుండా చదివేసింది.

"ఇద్దరూ పట్టుకోండి" అని టీచరమ్మ తాడు అందించింది. "బిడ్డ పక్కన కూచున్నోళ్లకు ఇంతకంటే పెద్ద బహుమానం నా కాడ లేదు."

జెండా పైకి పోయి విప్పుకుంది. పూలు రెండు వీధుల తలల మీదా రాలాయి. పెద్దాయన నాయన భుజం తట్టి, "గెలిచినాం గదా, రేపట్నుంచి పిల్లోన్ని జీపు కాడికి పంపు" అన్నాడు.

నాయన తాడు వదలకుండానే అన్నాడు: "వాడు రాడన్నా. క్లీనరుకు ఇంకెవురినన్నా చూసుకో."

ఊరంతా వింది. మొదటి చప్పట్లు టీచరమ్మవి.

ఇప్పుడు నేనూ బడిపంతులునే. మా పిల్లలకు నేనిచ్చే ఇంటిపని ఒక్కటే: ఈ రోజు నేర్చుకున్నది ఇంట్లో ఒకరికి నేర్పి రావాలి. తల్లిదండ్రులు సిగ్గుపడితే, వాళ్లుండే చోటికే అక్షరాలను పంపిస్తాను.

ఇక ఒట్టు సంగతి. ఉగ్గాని వదులుకోలేను కాబట్టి చెప్పేస్తున్నాను. జీపు వెనక మనుషులు గొంతు కలిపారన్నది నేను అల్లింది. వాళ్లు నవ్వారు. "మీసాలొచ్చినాంక ఓనమాలంటరా!" అని రాయి రాయికీ ఎగతాళి చేశారు. ఆ నవ్వుల్లోనే మా నాయన తరువాతి రాయి దగ్గర మళ్లీ బ్రేకు వేశాడు.